లోపల ఇంకొకరున్నారు

ఎప్పుడు ఏం అడిగినా "రెండు నిమిషాలు" అనేవారు మా ఆయన. ఆ రోజూ అదే మాట. నేను ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లి, డిగ్రీ సర్టిఫికెట్ మర్చిపోయానని ఫోన్ చేస్తే, "ఇంటి కంప్యూటర్లో కాపీ ఉందిగా, ఆఫీసు నుంచే అందులోకి వెళ్లి తీసి వాళ్ల మెయిల్‌కే పంపుతా, రెండు నిమిషాలు" అన్నారు. ఫోన్ ఆపేసి లోపలికి వెళ్లాను. సర్టిఫికెట్ రాలేదు. బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే ఆస్పత్రి నుంచి కబురొచ్చింది.

మిట్టమధ్యాహ్నం, నా పని గాలికొదిలేసి, ఆఫీసు నుంచి ఎక్కడికి బయల్దేరినట్టు? ఆయన్ని లారీ గుద్దిన కూడలి నుంచి ఇంటికీ రావచ్చు, ఊళ్లో ఇంకెక్కడికైనా పోవచ్చు. ఏడుస్తూ కూడా కోపం దిగమింగలేకపోయాను. పోయిన మనిషి మీద కోపం ఎవరితో చెప్పుకోను?

ఇవాళ ఆయన ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతను ఫోన్ చేశాడు.

"వదినా, అన్న సిస్టమ్ సాయంత్రం కొత్తాయనకి ఇచ్చేస్తున్నారు. అంతా తుడిచేయాలి. ఆ రోజు అన్న లాక్ చేసి వెళ్లింది వెళ్లినట్టే ఉంది, ఎవరం ముట్టుకోలేదు. ఫొటోలవీ ఏమన్నా కావాలంటే మీ ఇంటి కంప్యూటర్ నుంచే ఇందులోకి వచ్చి చూసుకోండి."

నాకు కావలసింది ఫొటోలు కాదు. ఆ రోజు ఆయన చివరగా ఏం చేస్తూ లేచి వెళ్లారో చూడాలి.

ఫోన్ పక్కన పెట్టుకుని ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అతను చెప్పినట్టు ఆఫీసు సిస్టమ్‌కి కలిపి, ఆయన పేరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగితే, అలవాటు కొద్దీ ఇంట్లో అందరం వాడే నాలుగంకెల పిన్ కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ఫోన్లో అతనికి చెప్పాను.

"పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే వదినా. దూరం నుంచి వచ్చేవాళ్లకి పాస్‌వర్డే కావాలి. అదీ మీ ఇంటిది కాదు, ఇక్కడిది. లేదంటే ఆఫీసు అకౌంట్ చెప్తా, దాంతో రండి."

అతను చెప్పింది కొట్టాను. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: "లోపల ఇంకొకరు ఉన్నారు. మీరు వస్తే వారు బయటికి వెళ్లాలి. సరేనా?"

ఆ ఇంకొకరు ఆయనే. ఆయన్ని గెంటేయడానికి సరే అని ఏ చేత్తో నొక్కను? వద్దని నొక్కి, ఆయన పేరుతోనే వెళ్తానన్నాను. కళ్లజోడు ఎక్కడో పారేసుకుని ఆఫీసు పాస్‌వర్డ్ నాచేత ఎన్నిసార్లు కొట్టించలేదు! అది నా వేళ్లకే గుర్తుంది.

తెర తెరుచుకుంది. మధ్యలో చిన్న పెట్టె. అందులో మా ఇంటి కంప్యూటర్ పేరు, దాని కింద ఒక ముక్క: "చాలాసార్లు తప్పుగా కొట్టినందున ఈ అకౌంట్‌కు తాళం పడింది."

మా ఇంటి కంప్యూటర్‌కి పిన్ కాక వేరే పాస్‌వర్డ్ ఉందని ఎవరికి గుర్తుంది కనక! పిచ్చి మనిషి, ఆయనా నాలాగే పిన్ కొట్టారు. కొట్టీ కొట్టీ, ఇక లాభం లేదని లేచి, నా సర్టిఫికెట్ కోసం ఇంటికే బయల్దేరారు. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చాను.

"వదినా... చూడటం అయిందా? తుడిచేయమంటారా?"

"కాసేపాగవయ్యా," అన్నాను. "మీ అన్న ఇంకా లోపలే ఉన్నారు."