కుండీలో దర్జీ

భర్త పోయాక కోడలు ఏడవలేదు. ఏడవనందుకు చుట్టాలు ఏమనుకున్నారో చెవిన పడింది గాని మనసు దాకా పోలేదు. పనికి బయల్దేరిన మనిషి బస్సు సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. నిద్రపోతున్నాడనుకుని ఎవరూ కదిలించలేదు. చివరి స్టాపులో కండక్టరు భుజం తట్టి లేపబోయాడు. అంతే.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక అత్తగారు కొన్నాళ్ళుండి వస్తానని కూతురింటికి వెళ్ళింది. కోడలు కళ్ళద్దాల షాపులో మళ్ళీ పనికి చేరింది. గుండ్రంగా వచ్చే అద్దాల అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం ఆమె పని. చక్రం తిరుగుతూ ఉంటుంది, అద్దం మీద నీళ్ళు పడుతూ ఉంటాయి, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఇంటికొచ్చి ఏదో ఇంత తిని పడుకునేది. డాబా మీద కుండీలున్న సంగతే ఆమెకు గుర్తు లేదు.

ఆ కుండీలు భర్తవి. వాటిలో నిమ్మ మొక్కంటే అతనికి ప్రాణం. ఒకరోజు నిమ్మకాయ పిండుతూ గింజను మట్టిలోకి వేలితో నొక్కి, "ఇది కాపుకొచ్చేసరికి మనకి పళ్ళు ఊడిపోతాయి. ఎంత పులుపు తిన్నా జివ్వుమనదు," అన్నాడు. అది మోకాలెత్తు పెరిగింది.

ఒక సెలవు రోజు బట్టలు ఆరేయడానికి వెళ్తే నిమ్మ కుండీలో మట్టి ఎండి, బీటలు తీసి ఉంది. మట్టికీ కుండీ అంచుకీ మధ్య వేలు పట్టేంత సందు. అందులోకి ఒక ఈగ దిగింది. చూడడానికి తేనెటీగే, కాస్త బొద్దుగా ఉంది. ఆకు ముక్కను చాపలా చుట్టి కాళ్ళ మధ్య ఇరికించుకుంది. పక్క కుండీలో గులాబీ ఆకుల అంచుల్లో గుండ్రటి కోతలున్నాయి. అంత నున్నగా కొయ్యాలంటే షాపులో ఆమెకు యంత్రం కావాలి. తడిబట్ట చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది. బాగుందనీ అనిపించలేదు, బాగాలేదనీ అనిపించలేదు. చూసింది. మర్నాడు షాపు నుంచి రాగానే మళ్ళీ వెళ్ళి చూసింది.

ఫోన్లో వెతికితే కొంత తెలిసింది. ఈ ఈగలకు తేనెపట్టు లేదు, రాణి లేదు, మంద లేదు. ఏ తల్లికా తల్లి ఒంటరిగా ఆకు ముక్కలతో చుట్టల్లాంటి గదులు కట్టి, లోపల పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, మూత వేసేస్తుంది. మట్టి పొడిగా ఉండాలి. బాగా తడిస్తే బూజు పట్టి పిల్లలు దక్కవు. కుండీని కదిపితే తల్లి దారి తప్పుతుంది.

ఆ వారంలోనే అత్తగారు తిరిగొచ్చింది. సంచీ గుమ్మంలో పెట్టి నేరుగా డాబా ఎక్కింది.

"ఏంటమ్మా ఇది," అంది. గొంతు పెంచలేదు. "వాడి మొక్కకి చెంబుడు నీళ్ళు పొయ్యడానికి నీకు చేతులు రాలేదా?"

"మర్చిపోయానత్తయ్యా. ఇప్పుడు మాత్రం పొయ్యకండి. అందులో ఈగలు గూడు పెట్టాయి."

"ఈగలా?"

"తేనెటీగల్లాంటివి. తడిస్తే పిల్లలు చచ్చిపోతాయి."

"మొక్క ఎండిపోయినా ఫర్వాలేదు గాని ఈగలు చల్లగా ఉండాలి. బాగానే ఉంది."

ఆవిడ మగ్గుతో నీళ్ళు తెచ్చి పోసింది. ఆపాలని కోడలికి తోచింది గాని చెయ్యి లేవలేదు. మట్టి గటగటా తాగింది. సందు నిండి నురగ పైకొచ్చింది. నురగలో ఒక ఆకు చుట్ట తేలింది.

అప్పుడే ఈగ ఆకు ముక్కతో వచ్చింది. సందు మీద గాలిలో తిరిగింది. దిగబోయి, నీళ్ళు తగిలి లేచింది. మళ్ళీ దిగబోతే ఆకు జారిపోయింది. ఆకు లేకుండానే అక్కడక్కడే తిరిగింది. అత్తగారు మగ్గు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"దాని ఇల్లు ఇదేనని దానికెలా తెలుసు?"

"చుట్టుపక్కల గుర్తులు పెట్టుకుంటుందట."

"వేరే చోటికి పోదా?"

"ఏమో అత్తయ్యా."

మర్నాడు ఆవిడ మగ్గు జోలికి పోలేదు. వంటింట్లోంచి చెంచా తెచ్చి, ఈగల సందుకు దూరంగా, మొక్క మొదట్లో నాలుగు చుక్కలు పోసింది. "ఇది నీళ్ళు పొయ్యడం కాదు, నోరు తడపడం," అంది.

ఎండకు మట్టి మళ్ళీ ఆరింది. పాతదో కొత్తదో, ఒక ఈగ ఆకుతో రావడం మొదలుపెట్టింది. అత్తగారు దానికి దర్జీ అని పేరు పెట్టింది, డాబా మీదికి కుర్చీ వేయించుకుంది. ఇంట్లో మాటలేవైనా ఉన్నాయంటే అవి దాని గురించే. "దర్జీ ఇవాళ ఆలస్యం." "ఇవాళ గులాబీ ఆకు నచ్చలేదు దానికి, ఎక్కణ్ణించో ఎర్ర పూరేకు తెచ్చింది." పక్కింటావిడ మందు కొట్టించమంటే, "అవి బట్టలు కుట్టుకునే రకం, మనుషుల్ని కుట్టవు," అని పంపేసింది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. షాపు అద్దాల వెనక నిలబడి కోడలు కాసేపు చూసింది. తర్వాత యంత్రం ఆపి, యజమానికి ఇంటికెళ్ళాలని చెప్పి, గొడుగైనా తీసుకోకుండా వచ్చేసింది. డాబా మీద అత్తగారు బల్ల మీది రెక్సిన్ గుడ్డను కుండీ మీద కప్పి, గాలికి లేవకుండా రెండు కొసలూ పట్టుకుని కింద కూర్చుని ఉంది. చీర ఒంటికి అతుక్కుపోయింది. కోడలు ఎదురుగా కూర్చుని మిగతా రెండు కొసలూ పట్టుకుంది.

వాన కాస్త తగ్గాక అత్తగారు అడిగింది, "వాడు ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడా, ఇవతలా?"

"కిటికీ పక్కనే. తల కిటికీకి ఆనించి ఉన్నారట."

"చిన్నప్పుడు ఆ సీటు దొరక్కపోతే బస్సెక్కనిచ్చేవాడు కాదు నన్ను."

"నాకూ ఆ సీటు ఇచ్చేవారు కాదు," అంది కోడలు.

వానకు గూడు తడవలేదు. కాని చెంచా నీళ్ళు నిమ్మకు చాల్లేదు. ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలాయి. అత్తగారు వాటిని ఏరి ఒళ్ళో వేసుకునేది.

"పొయ్యండి అత్తయ్యా," అంది కోడలు చివరికి. "మొక్క పోతోంది."

"లోపల పిల్లలున్నాయన్నావుగా?"

"అన్నాను."

"మరింకేం మాట్లాడకు."

కొన్నాళ్ళకు దర్జీ రావడం మానేసింది. గదులన్నీ మూసేశాక ఇక రాదని ఇద్దరికీ తెలుసు. అయినా కుర్చీ అక్కడే ఉంది.

ఎండలు ముదిరాక ఒకరోజు షాపుకు ఫోన్ వచ్చింది. "దర్జీ పిల్లలు మూతలు కొరుక్కుని బయటికొస్తున్నాయి," అంది అత్తగారు. "మూడు చూశాను. ఒకటి నా చేతి మీదే వాలి రెక్కలు ఆరబెట్టుకుంది."

"సరే అత్తయ్యా," అంది కోడలు. సంతోషం కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూసింది. ఏమీ కలగలేదు. చేతిలో ఉన్న అద్దం అంచు ఎక్కువ అరిగిపోయింది. దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది.

సాయంత్రం డాబా ఎక్కేసరికి ఈగలన్నీ ఎగిరిపోయాయి. సందులో ఎండిన ఆకు చుట్టల మూతలు ఊడి ఉన్నాయి. అత్తగారు నిమ్మ కాండాన్ని గోటితో గీకింది. పచ్చదనం ఎక్కడా లేదు. ఇంకాస్త కిందికి, మట్టి దాకా గీకి చూసింది. అక్కడా గోధుమ రంగే.

"పోయింది," అంది.

"పీకేద్దామా?"

ఆవిడ వంగి సందులోకి చూసింది. "అడుగున ఇంకా ఎవరైనా ఉన్నారేమో. ఉండనీ."

కోడలికి కళ్ళు మండాయి. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇద్దరూ కిందికి బయల్దేరారు. మెట్ల మీద అత్తగారు ఆమె భుజం పట్టుకుని దిగింది.