తివాచీ కింద వైరు

మామయ్య గదిలో గోడకి ప్లగ్గు ఒక్కటే ఉండేది, అదీ బీరువా వెనక. ఆ బీరువా కదపాలంటే నలుగురు కావాలి. ఇంట్లో ఉన్నది ముగ్గురు, అందులో ఒకరు మామయ్య. అందుకని ఆయన హీటర్‌కి కరెంటు వంటింట్లోంచి రావాల్సి వచ్చేది. పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు గుమ్మం దాటి, గది మధ్యగా పాక్కుంటూ వెళ్ళేది.

ఆ వైరు కాలికి తగిలి ఆయన ఒకసారి బోర్లా పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు గానీ కోడలికి మాత్రం గుండె జారిపోయింది. భర్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొన్నాళ్ళు ముభావంగా తిరిగి, చివరికి "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా" అన్నాడు. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడే తివాచీ ఎత్తి వైరును దాని కింద పరిచింది. మిగిలిన పొడుగంతా చుట్ట చుట్టి, మామయ్య కుర్చీ ముందు అణిచి పెట్టింది. పైనుంచి చూస్తే గది చూడముచ్చటగా ఉంది. తర్వాత వంటింట్లో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ వైరు చూసి, హీటర్‌ని గోడ ప్లగ్గుకే పెట్టాలనీ, వైరు మీద ఏదీ కప్పకూడదనీ, చుట్టి ఉంచితే లోలోపలే కాగుతుందనీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆమె తలూపింది. తలూపడానికి ఏం పోయింది? ఆమె భయమంతా ముసలాయన మళ్ళీ పడిపోతాడేమోనని. ఒక భయం గట్టిగా పట్టుకుంటే రెండోదానికి మనిషి బుర్రలో చోటుండదు.

చలి ముదిరాక ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేసి కిందికి దిగేసరికి రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. ముందు వంటింట్లోకి పరిగెత్తి స్విచ్చు ఆపేసింది, ఆ పాటి తెలివి మిగిలింది. గదిలో తివాచీ నల్లగా చిల్లులు పడి పొగ కక్కుతోంది. కునుకు పట్టిన మామయ్య అప్పుడే మెలకువ వచ్చి, కుర్చీలోంచి లేవలేక దగ్గుతున్నాడు. కుర్చీతో సహా ఆయన్ని బయటికి ఈడ్చింది. ఆయన అరికాళ్ళు బొబ్బలెక్కి, తోలు ఊడి వచ్చేసింది. చూడలేక ఏడ్చేసింది.

ఆస్పత్రి నుంచి ఆయన్ని కాళ్ళకి కట్లతో ఇంటికి తెచ్చిన రోజు వదిన, అంటే భర్త అక్కగారు, దిగింది. వైరు ఎవరు కప్పారని భర్త అడిగాడు. కోడలు నోరు తెరిచేలోగానే మంచం మీంచి జవాబు వచ్చింది.

"నేనేరా. కాలికి అడ్డం పడుతోందని."

ఆమె నోరు మూసుకుంది. ముందు హాయిగా అనిపించింది, వెంటనే ఆ హాయికి తన మీద తనకే అసహ్యం వేసింది. వదిన మాత్రం అక్కడికక్కడే తేల్చేసింది. మతి లేని పనులు చేసే మనిషిని ఇక్కడ వదలలేనంది, తనతో తీసుకుపోతానంది. వాళ్ళింట్లో అందరూ ఉద్యోగాలకి పోతారు కాబట్టి పగలంతా గదికి బయట గొళ్ళెం పెడతారట. మామయ్య తన చొక్కాలు సంచిలోకి వెళ్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వీపు చూశాక ఆమె ఇక ఉండలేకపోయింది.

"వదినా, ఆ వైరు కప్పింది నేను. మామయ్యకి ఏ పాపమూ తెలీదు."

భర్త ఆమెకేసి ఒకసారి చూసి తల దించుకున్నాడు. వదిన సంచి జిప్పు సగంలో ఆపింది. ఇక ఆయన ఇంట్లోనే ఉంటాడన్న ఆశ పుట్టి, కోడలు మంచం పక్కన కూర్చుంది.

"నా తప్పు మీ నెత్తినెందుకు వేసుకున్నారు మామయ్యా?"

"నీ ఒక్కదాని తప్పేం కాదమ్మా" అన్నాడు ఆయన, గోడకేసి చూస్తూనే. "కొన్నాళ్ళుగా నా కుర్చీ ముందు నేల వెచ్చగా తగులుతోంది. కాళ్ళు అక్కడే పెట్టుకునేవాణ్ణి, ప్రాణం లేచొచ్చినట్టుండేది. చెబితే తీసేస్తావని చెప్పలేదు."

వదిన ఆ మాట విని, ఆగిన జిప్పును చివరిదాకా లాగేసింది.