గుంటలో పడ్డ మాట

మార్చి తొమ్మిదో తారీఖు, ఆదివారం. ఆ పొద్దున తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, కాల్చిన బ్రెడ్డు, మిరియాల పొడి చల్లిన టమాటా ముక్కలు. కోడలు తన వంతు తినేసి లోపలికి వెళ్ళింది. మామగారు రెండో గుడ్డు పెంకు వొలుస్తుండగా పక్క గదిలోంచి ఒక గుర్రు మొదలైంది. చెవికంటే ముందు కాళ్ళకి తెలిసే గుర్రు.

“అమ్మా, ఫ్రిజ్ పాడైనట్టుంది, కాస్త చూడు!” అని కేకేశాడు.

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భుజానికి బేస్ గిటారు వేలాడుతోంది. దానికి నాలుగే తీగలు.

“ఫ్రిజ్ కాదు మామయ్యా. నేను.”

భార్య పోయి రెండేళ్ళు. కొడుకుది ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ. ఆ ఇంట్లో మామా కోడళ్ళ మధ్య అప్పటిదాకా నడిచిన మాటలు ‘తిన్నారా’, ‘తిన్నాను’, ‘తలుపు వేశావా’, ‘వేశాను’. ఆ ఫ్రిజ్ పుణ్యమా అని మరో మాట పుట్టింది. కోడలు ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి, గిన్నెలు తోముతూ తన బ్యాండ్ పాటలు వినిపించేది. ఆయన గిన్నెలు తుడుస్తూ వినేవాడు.

“ఇవి రేడియోలో రావేం?”

“మా వెనక కంపెనీ లేదు మామయ్యా. మేమే రాసుకుంటాం, మేమే వాయించుకుంటాం, చివర్న కుర్చీలూ మేమే మోసుకుంటాం.”

“వినేది కూడా మీరేనా?”

“మొన్నటిదాకా అంతే. ఇప్పుడు మీరొకరు.”

అలా మొదలై, నెల తిరక్కుండా తివాచీల కొట్టు వెనక గోడౌన్లో జరిగే షోలకి వెళ్ళడం అలవాటైంది. చుట్టలు చుట్టిన తివాచీలు గోడల పొడుగునా నిలబెట్టి ఉండేవి. అరవై మంది పడితే అరవై ఒకటోవాడికి చోటుండదు. ఆ చప్పుడుకి గుండె దడ పుడుతుందేమోనని భయపడ్డాడు గానీ, చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుంటే హాయిగా ఉండేది. అవి ఆయనకి కొత్త కాదు. ఆయన చేసేది కట్టుడు పళ్ళు. ల్యాబ్‌లో అరగదీసే మిషన్లు పొద్దస్తమానం కీచుమంటాయి. అందరూ చెవుల్లో బిరడాలు కుక్కుకునే పనిచేస్తారు, ఒకరికొకరు అరుచుకునే మాట్లాడుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆయనా అంతే. ల్యాబ్‌లో కనపడిన వాళ్ళందరికీ ఆ పాటలు వినిపించాడు. పక్క బల్ల దగ్గర పళ్ళకి పింగాణీ పూత వేసే స్నేహితుడిని అందరూ ‘పింగాణీ’ అనే పిలిచేవాళ్ళు. అతన్నయితే వదిలిపెట్టలేదు.

“నీ వయసుకి ఇదేం రోగంరా?” అన్నాడు పింగాణీ.

“అంటురోగం. ఒకసారి వచ్చి చూడు, నీకూ అంటుకుంటుంది.”

పింగాణీ ఒప్పుకున్న రోజు మామూలు షో కాదు. బ్యాండ్ తన మొదటి ఆల్బమ్ కోసం జనం మధ్యనే రికార్డు చేస్తోంది. రికార్డింగ్ చేసే ఆవిడ యంత్రాలన్నీ అరువు తెచ్చుకుంది, ఆ ఒక్క సాయంత్రానికే. కోడలు వారం నుంచీ సరిగ్గా తినలేదు.

“మామయ్యా, ‘నాలుగో అంతస్తు’ పాటలో గుంట వస్తుంది. అక్కడ దగ్గు కూడా వద్దని అందరికీ చెప్పాం,” అంది బయల్దేరే ముందు.

గుంట అంటే ఆ పాట నడుమ వచ్చే ఖాళీ. లిఫ్టు పాడైన మేడలో మెట్లెక్కి వెళ్ళే ఒకామె పాట అది. మూడో అంతస్తు దగ్గర వాయిద్యాలన్నీ ఠక్కున ఆగిపోతాయి. పాడే అమ్మాయి కాసేపు ఆయాసం తీర్చుకుంటున్నట్టు ఊరికే నిలబడి, చివరి చరణం ఒక్కర్తే అందుకుంటుంది. సన్నటి పిల్ల, సన్నటి గొంతు. పిచ్చుక అని పిలిచేవాళ్ళు. ఆ గొంతు కోసమే జనం వచ్చేది.

ఆ సాయంత్రం లైట్లు కూడా ఎక్కువ పెట్టారు. మామయ్యా పింగాణీ ముందు వరసలో బిరడాలు పెట్టుకుని కూర్చున్నారు. పిచ్చుక అంత బాగా పాడటం ఆయన అంతకుముందు వినలేదు. నోరు పూర్తిగా తెరిచి, తల వెనక్కి వాల్చి పాడుతోంది. ఆ వెలుగులో ఆయన కంటికి ఒకటి తగిలింది. పాట జోరులో ఉంది కదా, ల్యాబ్‌లో లాగే పక్కకి వొంగి పింగాణీ చెవి దగ్గర ఒక కేక పెట్టాడు.

“ముందు రెండూ కట్టుడువే! రంగు కలవలేదు! ఎవడు చేశాడో గానీ!”

సరిగ్గా అప్పుడే గుంట వచ్చింది.

పింగాణీ కళ్ళు పెద్దవయ్యాయి. ముందు వరసలో తలలు తిరిగాయి, తర్వాత వెనక వరసల్లో. ఆయన బిరడా ఒకటి లాగేసరికి గోడౌన్లో తన మాటే ఇంకా వేలాడుతున్నట్టుంది. ఎవరో కిసుక్కుమన్నారు. స్టేజీ మీద పిచ్చుక నోరు మూసుకుంది. కుడిచెయ్యి పెదాల మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి తీయకుండానే వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఎన్నిసార్లు విన్నాడో! ఆయనకి తల కొట్టేసినట్టయింది. కోడలు వైపు చూశాడు. ఆమె గిటారు తీగల మీద అరచెయ్యి వేసి వాటిని ఆపి, నేలకేసి చూస్తోంది. తిట్టినా బాగుండేది.

“పోయి కాళ్ళమీద పడు,” అన్నాడు పింగాణీ. “మన ల్యాబ్‌లో కొత్తవి చేసిస్తామని చెప్పు.”

ఆయన లేచాడు. వెనక మెట్ల మీద పిచ్చుక కూర్చుని ఉంది. ఆయన్ని చూసి జరగలేదు, లేవలేదు. కొత్తవి చేసిస్తానన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అదీ ఆ పళ్ళ మాటే కదా అని తోచింది. మింగేశాడు. ఆ మాత్రం బుద్ధి ఆ క్షణంలో మిగిలి ఉండటమే పదివేలు.

“తప్పయిపోయిందమ్మా. చెవుల్లో అవి ఉంటే నా గొంతు నాకే తెలీదు. నెమ్మదిగా అన్నా తప్పేననుకో.”

పిచ్చుక చెయ్యి చాటునుంచే మాట్లాడింది. “పదకొండో ఏట సైకిలు మీంచి పడ్డాను. అప్పట్నుంచీ ఇలాగే నవ్వుతాను, ఇలాగే మాట్లాడతాను. పాడేటప్పుడొక్కటే ఈ చెయ్యి గుర్తుండేది కాదు.”

ఆయన రెండు మెట్లు కింద కూలబడ్డాడు.

“నిజంగానే రంగు కలవలేదా?” అందామె.

అబద్ధం చెప్పడానికి మనసు ఒప్పింది గానీ ముఖం ఒప్పలేదు. “పక్కవాటికంటే కాస్త తెలుపు. మామూలు మనిషికి తెలీదు. నేను ఎవర్ని చూసినా నోటి దగ్గర మొదలుపెడతాను. పాడు అలవాటు.”

“మరి మీవి?”

“కింద వరస సొంతం. పైది నేనే చేసుకున్నా.”

ఆమె వొంగి, ఆయన నోటికేసి నిదానంగా చూసింది. “మీవీ కలవలేదు,” అంది. అనేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నవ్వలేదు కూడా. లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకున్నట్టు ప్యాంటు దులుపుకుని లోపలికి వెళ్ళింది.

పాట మళ్ళీ మొదట్నుంచీ పాడారు. ఆయన తన కుర్చీలోకి వెళ్ళే ధైర్యం లేక తివాచీల చాటున నిలబడ్డాడు. గుంట వచ్చింది. ఎవరూ ఊపిరి తీయలేదు. పిచ్చుక చెయ్యి ఒకసారి పైకి లేచి, నోటి దాకా రాబోయి, మైకుని పట్టుకుంది. చివరి చరణం పాడింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. బాగానే పాడింది. కానీ మొదటిసారి తల వెనక్కి వాల్చింది, ఈసారి వాల్చలేదు, గొంతూ అంత తెరుచుకోలేదు. ఆ తేడా పట్టుకునే చెవి ఆయనకి ఇచ్చింది కోడలే.

బస్సులో ఇద్దరి నడుమా గిటారు పెట్టె కూర్చుంది. దిగేదాకా ఆయన దాని మూలనే చూస్తూ కూర్చున్నాడు.

“నా వల్ల...” అన్నాడు మెట్లెక్కుతూ.

“తాళంచెవి మీ దగ్గరుందా మామయ్యా?” అంది కోడలు.

ఆయన బట్టలు మార్చుకుని పక్కమీద వాలాడు. హాల్లో కోడలి ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి కొడుకు.

“అయిపోయింది. ఆఁ, బాగా జరిగింది,” అంటోంది కోడలు. “వచ్చారు. స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చారు. లేదు, గొడవేముంది? బుద్ధిగా కూర్చున్నారు.”

పడుకున్నవాడు పడుకున్నట్టే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కొడుకు ముందు తనని కాపాడుతున్న ఆ గొంతు ఎంత అలసిపోయి ఉందో వినపడుతూనే ఉంది. సిగ్గుతో చెవులు కాలాయి.

ఫోన్ పెట్టేశాక కోడలు కంప్యూటర్ తెరిచింది. రెండుసార్లు పాడినదీ విని, గుంట ముందు భాగం దేన్లోంచి తీసుకోవాలో పొద్దునకల్లా చెప్పాలట. చిన్న స్పీకర్లో వింటేనే లోపాలు తెలుస్తాయని రికార్డింగ్ ఆవిడ చెప్పిందట. ముందు మొదటిది పెట్టింది. పిచ్చుక గొంతు మొదటి అంతస్తు ఎక్కింది. రెండోది ఎక్కింది. ఎంత బాగా పాడింది! ఆయన దుప్పటి అంచు పిడికిట్లో నలిపాడు. ఇంకాసేపట్లో మూడోది వస్తుంది, తన కేక వస్తుంది. లేచి వెళ్ళి ‘వద్దమ్మా’ అనడానికి ముఖం చెల్లలేదు.

పాట ఆగింది. కోడలే ఆపింది. చెప్పుల్లేని పాదాలు హాలు దాటి ఆయన గది దాకా వచ్చాయి. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఆయన నిద్ర నటించాడు. నటిస్తున్నాడని ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు.

ఆమె గొళ్ళెం చప్పుడు కాకుండా వేలితో ఎత్తిపట్టి, తలుపు మెల్లగా మూసింది.