సగం మంద

ఖమ్రున్నీసా గొర్రెపిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో చెవి, కుడిచేత్తో దవడ పట్టుకుని తల పక్కకు తిప్పింది. మెడ మీద బొచ్చు విడదీసి చోటు చూపించింది. డాక్టర్ పావని సూది వేసింది. వదలగానే పిల్ల రెండు గెంతులు గెంతి తల్లిని వెతుక్కుంటూ పోయింది. అప్పటికే ఖమ్రున్నీసా చేతిలో ఇంకో చెవి ఉంది.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. పట్టుకోవడం. భర్త రహమతుల్లా పశువుల ఆసుపత్రిలో అటెండరుగా ఉంటూ గుండెపోటుతో పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. అప్పటిదాకా ప్రొద్దుటూరులో ఇంటి గడప దాటకుండా చీరలకు ఫాల్సు కుట్టుకునేది. మొదటిరోజే ఒక పొట్టేలు నలుగురి ముందు ఆమెను పడగొట్టింది. ఊరంతా నవ్వింది. మర్నాడు చీర మీద భర్త ఖాకీ చొక్కా తొడుక్కుని, కుచ్చిళ్ళు దోపుకుని అదే ఊరికి వచ్చింది. ఆ పొట్టేలునే ముందు పట్టుకుంది.

తర్వాత తొమ్మిది మంది డాక్టర్లు మారారు. ఆమె ఎడమ బొటనవేలు వంకరపోయింది. అరచేతులకు పట్టిన గొర్రె జిడ్డు వాసన సబ్బుకు లొంగలేదు. పండగ రోజు సేమియా వండే ముందు నిమ్మచెక్కతో చేతులు రుద్దుకోవడం అలవాటైపోయింది. సూది వేసినవాళ్ళ పేరు ఊళ్ళో నాలుగు రోజులు చెప్పుకుంటారు. పట్టుకున్నవాళ్ళ పేరు ఎవరికీ పట్టదు. ఆ సంగతి ఆమెకు బాధగా కూడా ఉండేది కాదు.

పెన్నా అవతల ఒక ఊళ్ళో పారుడు రోగం పడింది. ముక్కు కారి, నోరు పుండై, పారుకుని పారుకుని జీవాలు పోతున్నాయి. అది పాకకుండా చుట్టూ ఉన్న ఊళ్ళకు టీకాలు వేస్తూ వస్తున్నారు. పదకొండు గంటలకు చివరి ఊరు చేరేసరికి ఆదినారాయణ దొడ్డి ముందు మినీ లారీ నిలబడి ఉంది. అరవై నాలుగు గొర్రెల్లో ముప్పై దాకా అప్పటికే ఎక్కించేశాడు.

దువ్వూరులో బావమరిది దగ్గరికి పంపిస్తున్నానని చెప్పాడు. సగం ఆడ, సగం ఈడ ఉంటే, రోగమొచ్చినా సగమన్నా మిగులుతాయని అతని లెక్క. ఇప్పుడు మందను కదిలించకూడదని పావని ఓపిగ్గా వివరించింది. పులివెందుల నుంచి వచ్చిన పిల్ల, ఇదే తొలి ఉద్యోగం. ఆదినారాయణ మర్యాదగా తలూపుతూనే ఇంకో గొర్రెను ఎక్కించాడు. మందు ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి. పావని సీసా చేతిలో పట్టుకుని, మూత తీయాలో వద్దో తెలియక నిలబడిపోయింది.

ఖమ్రున్నీసా లారీలోకి చూసింది. మూలన ఒక గొర్రె తల వేలాడేసుకుని నిలబడి ఉంది. పైకెక్కి దాని పెదవి విప్పింది. చిగుళ్ళ మీద తవుడు అంటినట్టు తెల్లటి పొర. వేలితో తుడిస్తే కింద ఎర్రటి పుండు.

"వచ్చేసింది మేడమ్," అంది మెల్లగా.

దుమ్ముకు ముక్కు కారుతోందంతే అన్నాడు ఆదినారాయణ. లారీ డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వుకు ఆదినారాయణకు ధైర్యం వచ్చింది.

"గొర్రె చెవి పట్టుకునేదానివి, నా చెవి గూడా పట్టుకుంటాండావే అక్కా. మందు మేడమ్‌ది, మంద నాది. నడుమన నీదేముంది?"

ఖమ్రున్నీసా లారీ దిగలేదు. ఆ గొర్రె దవడ కింద చెయ్యి పెట్టి, దాని ముఖం వైపే చూస్తూ మాట్లాడింది.

"నాదీ ఉంది అప్పా. ఈ పని నేను గూడా చేసినా. మా వీధిలో పారుడొచ్చిందని రెండు మేకల్ని పెండ్లిమర్రికి, మా అక్క షాహీదాబీ ఇంటికి పంపిస్తి. అవి చూసేదానికి బాగానే ఉండె. పది దినాల్లో మా అక్క దొడ్లో పదకొండు పోయినాయి. ఆ వీధిలో ఇంకా ఎన్ని పోయినాయో మా అక్క నాకు చెప్పలేదు. ఈ పొద్దుటికీ చెప్పలేదు."

ఇంతసేపూ దొడ్డి దగ్గర నిలబడి వింటున్న ఆదినారాయణ భార్య సుశీలమ్మ వచ్చి లారీ వెనక తలుపు గొళ్ళెం లాగింది.

"నా తమ్మునికి ఇరవై జీవాలుండాయి," అంది మొగుడితో. "వానికి గూడా ఇదే ఇస్తావా?"

ఆదినారాయణ మొదటి గొర్రెను తనే కిందికి దించాడు.

జబ్బు గొర్రెను దూరంగా కంపకంచె అవతల కట్టేశారు. పావని సీసా మూత తీసింది. అరవై మూడు చెవులు, అరవై మూడు మెడలు. గంటన్నరలో అయిపోయింది. ఇందులో ఇంకొన్ని జబ్బుపడొచ్చని, కొన్ని పోవచ్చని కూడా పావని దాచకుండా చెప్పింది. జబ్బు గొర్రెకు వేరే సూది వేసి, పుండ్లు కడిగి, ఉప్పూ బెల్లం కలిపిన నీళ్ళు పట్టారు. సుశీలమ్మ తమ్ముడికి ఫోన్ చేసి, జీవాలు రావడం లేదని, ఈ నెలంతా అటు నుంచి కూడా ఎవరూ రావద్దని చెప్పింది.

పొద్దు వాలేటప్పుడు ఆ గొర్రె కాళ్ళు చాపేసింది. ఖమ్రున్నీసా దాని తల ఒళ్ళో పెట్టుకుంది. ఊపిరి ఆగాక కూడా కొంతసేపు అలాగే పట్టుకుని, తర్వాత చెయ్యి తీసింది. అమ్ముకోవడానికి చర్మం ఒలుచుకుంటానని ఆదినారాయణ అడగలేదు. నడుము లోతు గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చాడు.

పోయే ముందు ఆమె ఒక గోనెసంచి అడిగి తీసుకుంది. ఫినాయిలు నీళ్ళలో ముంచి దొడ్డి వాకిట్లో పరిచింది. కాళ్ళ వెంట రోగం పాకకుండా, లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ దీని మీద తొక్కాలని, ఆరితే మళ్ళీ తడపాలని చెప్పి జీపెక్కింది. ఎన్నో ఊళ్ళలో పరిచిందిగానీ, తను అటు తిరగగానే జనం దాన్ని దాటి పోవడమే ఆమెకు తెలుసు.

జీపు మలుపు తిరుగుతుంటే వెనక్కి చూసింది. ఆదినారాయణ మేత మోపుతో దొడ్లోకి దాటేశాడు. మళ్ళీ ఆగి, మోపుతోనే వెనక్కి వచ్చి, రెండు కాళ్ళూ సంచి మీద అదిమి లోపలికి నడిచాడు. వెనకే సుశీలమ్మ.

వాకిట్లో తడి గోనెసంచి, దాని మీద మట్టి అంటిన నాలుగు పాదాల గుర్తులు.