పసుపు పూసిన చెక్కు

నేను ఒక బ్యాంకు చెక్కును, అందులోనూ కొత్త నమూనా దాన్ని. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, నా ఒంట్లో నీటిగుర్తు కనిపిస్తుంది. నా రంగు వెలిసిన చీరలా లేతగా ఉంటుంది. ఎందుకంటారా? నా పూర్వీకులు సంచుల్లో పడి బ్యాంకు బ్యాంకుకూ తిరిగేవాళ్లు. నాకా బాధ లేదు. యంత్రం తీసిన నా బొమ్మ ఒక్కటే అవతలి బ్యాంకుకు వెళ్తుంది, నేను ఫ్యాను కింద కూర్చుంటాను. ఆ బొమ్మలో రాత స్పష్టంగా పడాలనే నాకీ లేత రంగు. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే మాత్రం నన్ను తిప్పి పంపేస్తారు.

నన్ను రాసింది సుగుణ. తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్మేది. ఎండకీ వానకీ ఓర్చి ఓర్చి, చివరికి ఒక కొట్టు అద్దెకు మాట్లాడుకుంది. "అడ్వాన్సు చెక్కు పాసైతేనే తాళం. ఇయ్యాళ కాకపోతే ఇంకొకళ్లు కాసుకుని ఉన్నారమ్మా" అని కొట్టు యజమాని వీర్రాజు గారు తేల్చేశారు. సుగుణ చెక్కుబుక్కులో నేనే ఆఖరిదాన్ని.

పాపం, ఊపిరి బిగబట్టి తప్పు లేకుండా రాసింది. అటు తిరిగేలోగా ఆమె అత్త చిట్టెమ్మ, శుభమా అని ఇచ్చే చెక్కు బోసిగా ఉండకూడదని, తడిపసుపు తెచ్చి నాకు పూసేసింది. మూలల్లో పూసినా బాగుండేది. సరిగ్గా అంకెల మీద! కుంకుమ కూడా అద్దబోతుంటే సుగుణ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అయ్ బాబోయ్, ఎంత పని చేశారత్తయ్యా!"

"శుభలేఖకి పూయమా ఏంటే? మంచే జరుగుద్ది."

వీర్రాజు గారికి ఖాతా ఉన్న బ్యాంకుకు ఆయనా, అత్తాకోడళ్లూ కలిసే వచ్చారు. కౌంటరులో రజియా గారు నన్ను చూసి నిట్టూర్చారు. "బొమ్మ ఎలా పడుద్దో చూద్దామండీ. అంకెలు కనపడకపోతే నేనేం చెయ్యలేను" అంటూ యంత్రంలోకి తోశారు. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెర మీద నలుపు తెలుపుల్లో నా బొమ్మ వచ్చింది. అంకెలు నల్లగా, నిక్షేపంలా ఉన్నాయి. పసుపేమో తెలుపులో కలిసిపోయింది. అదే కుంకుమ అయితే నల్లటి మచ్చ పడి కొంప మునిగేది. అమ్మయ్య, బతికిపోయాను!

సాయంత్రానికి నేను పాసయ్యాను. తాళంచెవి చేతిలో పడగానే సుగుణ బ్యాంకులోనే ఏడ్చేసింది. చిట్టెమ్మకు మాత్రం ఒక అనుమానం తీరలేదు.

"ఇంతకీ ఆ బొమ్మతో మా పసుపు కూడా ఎళ్లిందా అమ్మా?" అని రజియా గారిని అడిగింది.

"లేదండీ, ఇక్కడే ఉండిపోయింది."

"పోన్లే. కొట్టు కూడా ఇక్కడేగా" అంది ముసలమ్మ.

ఇప్పుడు నేను బ్యాంకు బీరువాలో హాయిగా ఉన్నాను. పక్క చెక్కులకు కూడా కాస్త పసుపు అంటింది.