కామొడా, కామెర్లా?

జోగమ్మకు బెంగాలీ వచ్చునని రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో తెలియనివారు లేరు, ఆవిడే చెబుతుంది కనుక. చేపలమ్మే దీదీతో బేరమాడి గెలిచేంత బెంగాలీ అది. అంతకు మించి ఎన్నడూ అవసరపడలేదు.

ఆ ఉదయం గోల్‌బజార్ బెంగాలీ డాక్టరు దగ్గర్నుంచి వేలికి కట్టుతో వచ్చి, పక్క క్వార్టరు శ్యామల గుమ్మంలో కూలబడింది.

"ఏటొదినా, ఆ కట్టేటి?"

"మా రాజు గొంతుకలో ఎముక అడ్డుపడినాదే. నిన్నట్నుంచి నోరు మూయడు, సొంగ కారుస్తన్నాడు. తీద్దామని నోట్లో సెయ్యెట్టినాను. పన్ను గీసుకున్నాది."

రాజు వాళ్లింటి కుక్క. వర్క్‌షాపు నుంచి రాగానే జోగమ్మ మొగుడు గోవిందరావు పెళ్లాం కంటే ముందు దాన్నే పలకరిస్తాడు.

"ఎముక దొరికినాదా?"

"నేదు."

"కరిసిందని డాక్టరుతో సెప్పినావా?"

"కరవందే ఎలా సెప్తానే? నా సేతి ముద్ద తినే బిడ్డ! ఆ డాక్టరు బాబే ఏలు సూసి 'కామొడ్? కామొడ్?' అనడిగినాడు. నాకు కామెర్లేటి? నేవని 'నా, నా' అన్నాను. కళ్లు పచ్చగా నేవని రెప్పలెత్తి సూపించినాను కూడా."

శ్యామల పగలబడి నవ్వింది.

"ఓలమ్మో! కామొడ్ అంటే కాటు, వదినా!"

అనేశాక ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆమధ్య సాలువా దారిలో రాజుని వీధికుక్క పట్టుకున్నాదన్నావు కాదా?"

"అది మానిపోనాదే..."

"పుండు మానితే ఇసం మానినట్టా? ఆ సొంగ ఎముక వల్ల కాదేమో, పిచ్చి వల్లేమో! పెంచిన కుక్కయినా పన్ను పన్నే."

శ్యామల ఆమె కట్టు విప్పి, కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగించింది. భోజనానికి వచ్చిన గోవిందరావుకు సంగతి చెబితే విరగబడి నవ్వాడు.

"బొడ్డు సుట్టూ సూదులేస్తారే! రాజు నన్ను మాత్రం కరవనేదు. పొద్దున్న గెడ్డం గీసుకుంతంటే బుగ్గ నాకినాది, అంతే."

బుగ్గ మీద బ్లేడు గాటు ఇంకా ఎర్రగా ఉంది. శ్యామల దానివంకే చూసింది.

"నువ్వూ కడుక్కో అన్నయ్యా. రాజుని ముట్టకుండా పెరటి తలుపేసి, ఇద్దరూ పదండి."

ఈసారి జోగమ్మ డాక్టరు గడప దాటకముందే "కామొడ్! కామొడ్!" అని అరిచింది. ఆపైన మొగుడి బుగ్గ చూపించి, నాలుక బయటపెట్టి నాకినట్టు అభినయించింది. డాక్టరు నవ్వలేదు. ఇద్దరికీ సూదులేనని చేతివేళ్లతో చూపించాడు. గోవిందరావు నవ్వు ఎటుపోయిందో!

తర్వాత డాక్టరు కుక్క గురించి ఏదో గడగడా చెప్పాడు. అలవాటుకొద్దీ తలాడించబోయిన జోగమ్మ ఆగింది. చేపల బుట్ట ముందు ఎన్నడూ అనని మాట అనేసింది.

"బుఝ్లామ్ నా, బాబూ. నాకు తెలీనేదు. మెల్లిగా సెప్పు."

ఆయన మెల్లిగా చెప్పాడు. కుక్క బాగుంటే సూదులు మధ్యలో ఆపవచ్చు. అది ఎలా ఉంటుందో చూశాక మొదలుపెడదామంటే మాత్రం కుదరదు.

బొడ్డు చుట్టూ సూదులకు సిద్ధపడి జోగమ్మ బల్ల ఎక్కి పడుకుంది.