ఎదురుపడినవాళ్లదే పని

మామగారు రిటైరై ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టిన పాపాన పోలేదు. అలాగని అత్తగారు పని చెప్పని మనిషి కాదు, నోరు తెరిస్తే పనే. కాకపోతే ఎవరు చెయ్యాలో చెప్పరు. "ఆ బట్టలు మడతపెట్టాలి" అంటారు, గాలిలోకి. అప్పుడు ఎదురుగా ఎవరుంటే ఆ పని వాళ్లది. ఈ రూలు ఎక్కడా రాసిలేదు. మామగారొక్కరే కనిపెట్టారు. ఆవిడ వంటింట్లో ఉంటే ఈయన బాల్కనీలో, ఆవిడ బాల్కనీకొస్తే ఈయన బాత్రూంలో. కొడుకుది ఊళ్లు తిరిగే ఉద్యోగం కాబట్టి ఎదురుపడేది ఎప్పుడూ పాపం కోడలే.

కోడలు కంప్యూటర్ కెర్నెల్ రాస్తుంది. కెర్నెల్ అంటే యంత్రం లోపల కూర్చుని ప్రాసెసర్లన్నిటికీ పనులు పంచే పెత్తందారన్నమాట. ఆ రోజు ఇంటినుంచే వీడియో మీటింగు. ఏడాదిగా చేసిన మార్పును పెద్దసారు ఒప్పుకోవాలి, లేదంటే బుట్టదాఖలే.

"సార్, తెరవెనక పనుల్ని వరసలో పెడతాం కదా. ఏ ప్రాసెసర్ చెయ్యాలో రాయకపోతే, పెట్టినచోటి ప్రాసెసర్ మీదే పడుతున్నాయి. పక్కవి ఖాళీగా ఉన్నా సరే. అందుకే నాలుగొందల పన్నెండు చోట్ల 'ఇక్కడే' అనో 'ఎక్కడైనా' అనో విడమరిచి రాశాను."

"ఇన్నాళ్లూ రాయకుండానే నడిచిందిగా అమ్మా! వదిలెయ్."

కోడలు ఫైలు మూసెయ్యబోయింది. తలుపు పక్కన నక్కి ఉన్న మామగారికి మనసు చివుక్కుమంది. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. కానీ వంటింటి గుమ్మంలో అత్తగారు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఇప్పుడు నోరు విప్పితే ఏడేళ్ల సుఖం గోవిందా. విప్పకపోతే పిల్ల ఏడాది కష్టం గోవిందా.

మామగారు బనీనుతోనే కెమెరా ముందుకొచ్చేశారు.

"సారూ, నే చెప్తా వినండి. మా ఆవిడ ఏ పనీ ఫలానావాళ్లు చెయ్యాలని చెప్పదు. ఎదురుగా ఎవరుంటే వాళ్లే చెయ్యాలి. అందుకే నేను ఎదురుపడను. మొన్న ఈ పిల్ల జ్వరంతో పడుకునుంటే, మా ఆవిడ గుమ్మంలో నిలబడి 'బట్టలు ఆరెయ్యాలి' అంది. ఈ పిల్లే లేచి ఆరేసింది. నేనేమో పక్కగదిలో ఖాళీగా పేపరు చదువుతున్నా. ఎవరైనా పర్లేదని ఒక్క మాట అనుంటే అది నా దాకా వచ్చేది కదండీ!"

తెరమీద ఎనిమిదిమంది నోళ్లు తెరిచారు. పెద్దసారు చటుక్కున వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"అర్థమైందండీ. కొంచెం మెల్లగా మాట్లాడండి, మా ఇంట్లో వినబడుతుంది. అమ్మా, నాలుగొందల పన్నెండూ కలిపేద్దాం."

"మామయ్యా!" అంటూ కోడలు ఆయన చేతులు పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. ఆయనకూ కడుపు నిండినట్టయింది.

"ఏమండీ, ఆ గిన్నెలు కడగండి. మీకే చెప్తున్నా," అన్నారు అత్తగారు వెనకనుంచి.

ఆవిడ మనిషిని పిలిచి పని చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు. మామగారు సింకు దగ్గరికి నడిచారు. సబ్బు ఎక్కడుంటుందో మాత్రం కోడల్ని అడగాల్సి వచ్చింది.